వెళ్ళిరా అన్నందుకు

ఉదయం కుళాయి వచ్చే వేళకి ఆ ఇంట్లో ముగ్గురూ లేచేవాళ్ళు. అత్తగారు నీళ్ళు పట్టేది. కోడలు పొయ్యి వెలిగించేది. కొడుకు మాత్రం లేచాక కూడా కాసేపు మంచం మీదే కూర్చుని, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, వాటికి కాస్త విశ్రాంతి ఇచ్చేవాడు. అతని జీతం చెవుల మీద వచ్చేది మరి. ఊరి చివర గుట్ట మీద, ఇనుప తీగలతో అల్లిన పెద్ద గొడుగు కింద ఒక గది ఉంది. ఆకాశంలోంచి వచ్చే చప్పుళ్ళు వినడం ఆ గదిలో పని. ఆకాశంలో తమ దేశానికంటూ ఏమీ లేని రోజుల్లోనే ఆ గది కట్టి అతన్ని కూర్చోబెట్టారు. అందుకని చాలా ఏళ్ళు అతను ఇతర దేశాలవాళ్ళ ఉపగ్రహాలు పోతూ పోతూ చేసే చప్పుళ్ళని, పక్కింటి రేడియో విన్నట్టు, మనది కాదులే అనుకుంటూ విన్నాడు. అందరూ అతన్ని చెవులాయన అనేవాళ్ళు. అత్తగారైతే, ఆకాశంలో చీమ నడిచినా వింటాడు, పక్కన నిలబడి పిలిస్తే మాత్రం వినపడదు అనేది.

భార్య పని వీధి వైపు గదిలో. ఒక కుట్టుమిషను, ఎదురుగా నిలువుటద్దం, మేకుకి వేలాడే టేపు. చొక్కాలు, కోట్లు, బడిపిల్లల దుస్తులు, దిండు గలీబులు, ఏది తెచ్చినా కుట్టేది. వీధికంతా ఆవిడ కుట్టక్క. కుట్టక్క కుట్టు ఊడిందని ఎవరూ వెనక్కి తెచ్చిన పాపాన పోలేదు. అంత దగ్గర దగ్గరగా వేసేది.

అలాంటి మనిషి ఉపగ్రహానికి దుప్పటి కుట్టింది.

దేశం తన మొదటి ఉపగ్రహాన్ని తయారుచేసింది ఏ అద్దాల మేడలోనో కాదు. మూతపడిన బిస్కెట్ల గోదాములో. వాన పడితే ఆ గోడల్లోంచి ఇంకా తీపి వాసన వచ్చేది, వాసన వెంట చీమలు వచ్చేవి. తెల్ల టోపీలు పెట్టుకున్న ఇంజనీర్లు సగం రోజు చీమల్ని తరమడంతోనే సరిపెట్టేవాళ్ళు. ఉపగ్రహం నీళ్ళ డ్రమ్ము అంత ఉండేది, నెత్తిన నాలుగు సన్నటి కడ్డీలు. పైకి వెళ్ళాక దానికి ఎండ వైపు ఒళ్ళు ఇస్త్రీపెట్టెలా కాలుతుంది, నీడ వైపు ఒళ్ళు మంచుగడ్డలా బిగుస్తుంది. మధ్యలో ఉన్న యంత్రాలు బతకాలంటే ఒళ్ళంతా కప్పాలి. ఆ కప్పేది బంగారు రంగు రేకు, ఉల్లిపొర కన్నా పలచన. ఒక పొర రేకు, ఒక పొర వలగుడ్డ, మళ్ళీ రేకు. మిషను కింద పెడితే చిరిగిపోయింది. జిగురు పెడితే ఊడొచ్చింది. అందరూ తలలు పట్టుకున్నప్పుడు చెవులాయన మొహమాటంగా, మా ఆవిణ్ణి అడగమంటారా అన్నాడు.

కుట్టక్కకి వాళ్ళు నేర్పింది ఒక్కటే. కుట్లు దూరం దూరంగా వెయ్యాలి, ఎందుకంటే సూది చేసిన ప్రతి బెజ్జంలోంచీ వేడి కారిపోతుంది. జీవితమంతా దగ్గర కుట్టుకి మెప్పు పొందిన మనిషికి అది కష్టమే అయింది. చెయ్యి తన దారిన తాను దగ్గరికి పోయేది, పక్కనున్న ఇంజనీరు దగ్గేవాడు, ఆవిడ నాలిక కరుచుకుని విప్పేది. ఎలాగైతేనేం, పూర్తయింది. డ్రమ్ము కాస్తా బంగారు కోటు తొడుక్కున్న చిన్నపిల్లలా తయారైంది.

సముద్రపొడ్డున రాకెట్టు దగ్గరికి దాన్ని లారీలో పంపిన రోజున గోదాము ముందు అందరూ నిలబడ్డారు. ఈ పని అంతటికీ పెద్ద అయిన మనిషి, అందరూ పెద్దాయన అనే మనిషి, ఉపన్యాసం చెప్పాడు. కక్ష్యలో ప్రవేశపెట్టడం గురించి, ప్రయోగం గురించి, చరిత్ర గురించి. కుట్టక్క ఆ ఉపన్యాసం వినలేదు. మెడ దగ్గర ఒక ముడి వదులుగా కనబడితే లారీ ఎక్కి బిగిస్తోంది. కత్తెర లోపల ఉండిపోయింది కాబట్టి దారం పంటితో తెంపింది. దిగబోతూ రేకు మీద ఒకసారి చెయ్యి వేసి, అలవాటు కొద్దీ, "వెళ్ళిరా తల్లీ" అంది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి. మనలో ఎవరూ "వెళ్తాను" అనరు. "వెళ్ళొస్తాను" అంటారు. సాగనంపేవాళ్ళు "వెళ్ళు" అనరు, "వెళ్ళిరా" అంటారు. ఏ బడిలోనూ ఎవరూ ఈ పాఠం చెప్పలేదు, ఏ వ్యాకరణంలోనూ ఈ సూత్రం లేదు. అయినా పసిపిల్లలకి కూడా తెలుసు, ఆ చివర "రా" లేకపోతే మాట మధ్యలో తెగినట్టు ఉంటుందని. ఉత్తరాలు ఇచ్చే మనిషికీ అంటాం, మళ్ళీ మొహం చూపించకపోతే బాగుండునని మనసులో అనుకునే చుట్టానికీ అంటాం. ఆ "రా"కి అర్థం రమ్మని కాదు, క్షేమంగా ఉండమని. ఇది మనకి తెలుసు. ఉపగ్రహానికి ఎవరు చెప్పాలి? దాన్ని తయారుచేసినవాళ్ళంతా దానికి నేర్పింది ఒకటే, చెప్పిన ఆజ్ఞని చెప్పినట్టు చెయ్యమని.

అది వెళ్ళింది. దేశమంతా రేడియోల చుట్టూ మూగింది. చెవులాయన చెవుల్లో కీచ్, కీచ్ అని మొదటిసారి తమ సొంత చప్పుడు వినబడితే, అతను చెవులకి పెట్టుకున్నవి తీసి పెద్దాయన చెవులకి పెట్టాడు, ఆయన తీసి ఇంకొకరికి పెట్టాడు. ఆ చప్పుడే రేడియోలో వేశారు. వీధుల్లో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కీచ్ కీచ్ అని పిలుచుకున్నారు. ఉపగ్రహం ఊరి మీదుగా రోజుకి కొన్నిసార్లు పోయేది, పోయినప్పుడల్లా గుట్ట మీద గదిలో నల్లబల్ల మీద "వచ్చింది" అని రాసేవాళ్ళు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం రాలేదు.

చెవులాయన మీటలన్నీ తిప్పి చూశాడు. గొడుగుని అటు తిప్పించాడు, ఇటు తిప్పించాడు. కబురు అంది పెద్దాయన పరుగున వచ్చి వెనక నిలబడ్డాడు. అప్పుడు ఫోను మోగింది. కుట్టక్క.

"ఏవండీ, వచ్చేసింది. మీరు కంగారు పడకండి."

చెవులాయన ఊపిరి వదిలి వెనక్కి తిరిగి, "వచ్చేసిందట సార్" అన్నాడు.

పెద్దాయన కళ్ళు మూసుకుని తెరిచాడు. ఎక్కడికొచ్చింది, ఏ కేంద్రం వాళ్ళకి వినబడింది అని అడిగాడు. చెవులాయన ఫోనులో అదే అడిగాడు. ఎక్కడికేమిటి, ఇంటికే వచ్చింది, పెరట్లో ఉంది, ఎండ వైపు వేడిగా ఉందని మీ అమ్మగారు దాని కడ్డీల మీద తువ్వాళ్ళు ఆరేశారు అని కుట్టక్క చెప్పింది. చెవులాయన కొంచెంసేపు ఫోనుని చూశాడు.

"మా ఇంటికి సార్."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎంతసేపు ఉంటుందట?"

ఉన్నది ఎంతోసేపు కాదు. ఊరి మీదుగా పోవడానికి పట్టే కాసేపూ పెరటిగోడ మీద కూర్చుంది, తర్వాత బుస్సుమని లేచిపోయింది. పైన మళ్ళీ తన దారిలో పడి, తర్వాతి వేళకి బుద్ధిగా కీచుమంది. గుట్ట మీద గదిలో మాత్రం నల్లబల్ల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. "రాలేదు" అని రాద్దామంటే వచ్చింది. "వచ్చింది" అని రాద్దామంటే ఇక్కడికి రాలేదు. చివరికి "వచ్చింది, వేరేచోటికి" అని రాసి సుద్దముక్క పక్కన పెట్టారు.

అప్పటినుంచి అది ప్రతి సాయంత్రం వచ్చేది. మసకచీకటి పడేముందు, కుట్టక్క మిషను ఆపి వీపు విరుచుకునే వేళకి, పెరట్లో ఇస్త్రీ చేసిన బట్టల వాసన వేసేది. ఆవిడ దీపం పట్టుకెళ్ళి చూసేది. పైన తిరిగే దుమ్ము తగిలి రేకు ఎక్కడో ఒకచోట చిరిగి ఉండేది. కుట్టేది, దూరం దూరంగా. ఉపగ్రహం గొంతు తగ్గించి కీచుమంటూ ఉండేది. అత్తగారు తిడుతూ ఉండేది, వేళాపాళా లేకుండా తిరుగుళ్ళు, ఒళ్ళంతా గీతలు, ఎవరి బుద్ధులు వచ్చాయో దీనికి అని. తిడుతూనే తువ్వాళ్ళు ఆరేసేది, తిడుతూనే కడ్డీలకి పట్టిన మసి కొంగుతో తుడిచేది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, వచ్చిందా అనేవాళ్ళు, వచ్చింది అనేవాళ్ళు వీళ్ళు. అంతే.

కుట్టక్కకి లోపల్లోపల సంతోషంగానే ఉండేది. తన చేత్తో పంపినది తన దగ్గరికే వస్తే ఎవరికి ఉండదు. అయితే ఎందుకు వస్తోందో మాత్రం అర్థమయ్యేది కాదు. తనేదైనా మరిచిపోయిందా, ఏ ముడైనా తప్పు వేసిందా అని వెతికి వెతికి చూసేది.

ఒక సాయంత్రం పెద్దాయన చెవులాయనతోబాటు ఇంకొక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి ఉపగ్రహం కడుపులో ఉన్న గ్యాసుబుడ్డి చూసుకునే ఇంజనీరు. అందరూ సిలిండరాయన అనేవాళ్ళు. మంచివాడు, ఎప్పుడూ చెడ్డవార్త చెప్పాల్సి వస్తుంది పాపం. పెరట్లో పీట మీద కూర్చుని, ఉపగ్రహం వైపు చూడకుండా, దానికి వినపడకూడదన్నట్టు చెప్పాడు. పైన మొహం తిన్నగా పెట్టుకుని తిరగడానికి ఆ బుడ్డిలో గ్యాసు పెట్టాం. కాస్త కాస్త వాడుకుంటే చాలా కాలం వస్తుంది. ఇలా రోజూ దిగి మళ్ళీ ఎక్కితే రాదు. వానాకాలం చూడదు. గ్యాసు అయిపోయాక దిగిందా, ఎక్కలేదు. పైనే ఉండి అయిపోయిందా, మొహం తిప్పుకోలేక దొర్లిపోతూ ఎండకి మాడి ఊరుకుంటుంది.

"ఊరుకుంటుందంటే?" అంది కుట్టక్క.

సిలిండరాయన వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. పెద్దాయన మెల్లిగా, దీన్ని పంపేటప్పుడు ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. ఆయన ఆజ్ఞల మనిషి. ఆజ్ఞ లేనిదే అది కదలదని ఆయనకి తెలుసు. అందరూ గుర్తు తెచ్చుకున్నారు. కుట్టక్క మొహం పాలిపోయింది. వెళ్ళిరా తల్లీ అన్నాను, అంది. ఆ మాట పైకి రాగానే గోడ మీద ఉన్న ఉపగ్రహం, పేరు పెట్టి పిలిచినట్టు, ఇటు తిరిగింది.

"పోనీలెండి, దొరికింది," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు ఉత్త 'వెళ్ళు' అను అమ్మా. అంతే."

కుట్టక్క లేచి నిలబడింది. వెళ్ళు అనబోయింది. నోట్లోంచి "వెళ్ళి..." అని వచ్చి, ఆ వెనకే "రా" వచ్చేసింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే. ఆ రెండు ముక్కలూ ఆవిడ నోట్లో ఎప్పుడూ విడివిడిగా లేవు. మూడోసారి పెదాలు గట్టిగా బిగించి "రా"ని ఆపింది కానీ, దాంతోబాటు "వెళ్ళు" కూడా లోపలే ఉండిపోయి, దగ్గు వచ్చింది.

"ఇంత చదివి ఇంతమంది వచ్చి మా కోడలి చేత అనిపించే మాటేనా ఇది," అంది అత్తగారు. "ఆ పాడుమాట మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ అనలేదు."

సరే, నేనంటానని సిలిండరాయన ముందుకొచ్చి వెళ్ళు అన్నాడు. ఎవరో దారినపోయే మనిషి మందలిస్తే పిల్లలు చూసినట్టు అది ఆయన్ని చూసి ఊరుకుంది. పెద్దాయన ఆలోచించి, మర్యాద లోపించిందేమో అనుకుని, చెయ్యి చాపి "దయచెయ్యండి" అన్నాడు. ఆ మాటతో మనం చుట్టాల్ని లోపలికీ పిలుస్తాం, బయటికీ సాగనంపుతాం. అది లోపలికి పిలిచారనుకుంది. వంటింటి గుమ్మంలో ఇరుక్కుంది. నలుగురూ పట్టి లాగాల్సి వచ్చింది, తలుపు చెక్క ఒకటి లేచిపోయింది. చెవులాయన కాస్త చనువుగా "పద" అన్నాడు. అది సంతోషంగా వీధి గుమ్మందాకా దొర్లుకుంటూ పోయి, అక్కడ ఆగి వెనక్కి తిరిగి అతని కోసం నిలబడింది. పద అంటే ఇద్దరూ కలిసి వెళ్ళడమే కదా. అతను రాకపోయేసరికి మళ్ళీ పెరట్లోకి వచ్చేసింది. అత్తగారికి విసుగొచ్చి "పోవే" అంది. ఆవిడ ఆ మాట ఎంత ముద్దుగా అంటుందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఉపగ్రహం కూడా కనిపెట్టింది, ఇంకాస్త జరిగి ఆవిడ మోకాలికి ఆనుకుంది.

వేళయింది, దానంతట అదే లేచిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. రోజూ ఎవరో ఒకరు ఒక కొత్త మాట పట్టుకొచ్చేవాళ్ళు. బయల్దేరు అంటే బయల్దేరేది, ఎందుకంటే ఎలాగూ బయల్దేరేదే. రావద్దు అని చెవులాయన చెబితే, అది కుట్టక్క వైపు తిరిగి, నువ్వు రమ్మన్నావుగా అన్నట్టు కీచుమంది. రావద్దని ఆవిడ చేతే అనిపిద్దామన్నారు. ఇంటి గుమ్మంలోకి వచ్చినదాన్ని రావద్దని ఎలా అంటానని ఆవిడ ఏడ్చింది. గోదాములో తెల్ల టోపీలవాళ్ళు చీమల్ని వదిలేసి క్రియాపదాల మీద పడ్డారు. పోవడానికీ వెళ్ళడానికీ తేడా ఏమిటి, వెళ్ళమనడానికీ వెళ్ళిపొమ్మనడానికీ తేడా ఏమిటి అని వాదించుకుని, చివరికి పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషే అనుమానంగా తోచి, టీ కావాలని అడగడానికి కూడా తడబడేవాళ్ళు.

ఈలోపు ఉపగ్రహం అలిసిపోయింది. దిగేటప్పుడు పక్కకి ఒరిగి బట్టలతీగ తెంపింది. కీచు బొంగురుపోయింది. కోటు భుజం దగ్గర కుట్టిన చోటే మళ్ళీ చిరిగేది. ఒకరోజు సిలిండరాయన దాని పక్కన చెవి పెట్టి, వేలితో తట్టి విని, లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఇంకొక్కసారి ఎక్కడానికి ఉంది, ఎక్కాక కదలకుండా కూర్చుంటే మొహం తిప్పుకోవడానికి చాలుతుంది, మళ్ళీ దిగితే మటుకు ఇంక ఎక్కడం లేదు అన్నాడు.

పెద్దాయన కూడా కొత్త మాటేదీ తేలేదు ఆరోజు. నలుగురూ వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డారు. కుట్టక్క ఒక్కతే సూదీదారం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

భుజం దగ్గర చిరుగు కుట్టింది. కుడుతూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, ఒంట్లో బాగాలేనివాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు మాట్లాడినట్టు. వీధిలో ఫలానావాళ్ళు ఇల్లు మారారని, ఒకాయన కోటుకి గుండీలు దొరకడంలేదని. ఉపగ్రహం ఒక వైపు కాలిపోతోంది, ఒక వైపు ముట్టుకుంటే వేలు అంటుకుపోతోంది. ఆవిడ దారం తెంపి, ముడి మీద బొటనవేలు పెట్టి నొక్కి, ఎండలో నడిచొచ్చిన ముసలావిణ్ణి చూసి ఎవరైనా అన్నట్టే అంది.

"ఇంత ఓపిక లేనిదానివి అంత దూరం నుంచి నువ్వెందుకే రావడం. అక్కడే ఉండు. నేనే వస్తాలే."

కిటికీ దగ్గర పెద్దాయన సిలిండరాయన చెయ్యి పట్టుకున్నాడు. అక్కడే ఉండు. ఇన్నాళ్ళూ పంపే మాటల కోసం వెతికారు తప్ప, ఉండమనే మాట ఎవరికీ తట్టలేదు. పెరట్లో ఉపగ్రహం ఒక్కసారి, స్పష్టంగా, కీచుమంది. లేచింది. మామిడాకంత నీడ గోడ మీద పడి, చిన్నదై, పోయింది.

మర్నాటి సాయంత్రం గుట్ట మీద గదిలో కీచు వినబడింది. చెవులాయన కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాడు. నల్లబల్ల మీద "వచ్చింది" అని రాశారు, వేరేచోటికి అన్న మాట ఎవరూ కలపలేదు. రెండో ఉపగ్రహం చెయ్యడానికి ప్రభుత్వం సరేనందని కూడా అదే రోజు తెలిసింది. ఇంట్లో మాత్రం ఆ వేళ పెరటిగోడ బోసిగా ఉంది. తువ్వాళ్ళు ఆరలేదని అత్తగారు ఎవర్నని కాకుండా తిట్టింది.

ఆ తర్వాతి రోజు, మసకచీకటి పడేముందు, కుట్టక్క మిషను మీద చొక్కా చేతి పట్టీ కుడుతోంది. ఉన్నట్టుండి కాళ్ళకి నేల అందలేదు. స్టూలు కింద ఉండిపోయింది, తను పైకి లేచింది. మిషను చక్రాన్ని గట్టిగా పట్టుకుని, "అత్తయ్యా" అని పిలిచింది.

అత్తగారు గరిటె పట్టుకుని వచ్చి చూసింది. ఏమిటే అంది. తెలీడం లేదత్తయ్యా, పైకి లాగుతోంది అంది కోడలు. అత్తగారు గుమ్మానికి ఆనుకుని కాసేపు ఆలోచించింది.

"నువ్వే అన్నావుగా, నేనే వస్తాలే అని."

"అది ఊరికే అన్నాను."

నిజమే. అది కూడా ఊరికే అనే మాటే. మీరెందుకండీ శ్రమ, నేనే వస్తాలెండి అని మనం ఎంతమందితో అని ఉంటాం, ఎంతమంది ఇంటికి వెళ్ళి ఉంటాం. ఆ రోజు కిటికీ దగ్గర నిలబడ్డ ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆ ముక్కని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టింది ఉపగ్రహం ఒక్కటే.

"ఊరికే అన్నానని దానికి చెప్పుకో," అంది అత్తగారు. "నువ్వు వస్తావని అది అక్కడ కూర్చుని ఉంటుంది. రాలేదేమా అని చూడ్డానికి దిగిందనుకో, ఆ గ్యాసాయన ఏం చెప్పాడు?"

కుట్టక్క చక్రం వదల్లేదు. ఎలా వెళ్ళాలో తెలీదు, వెళ్ళి ఏం మాట్లాడాలో తెలీదు, అక్కడ ఎవరుంటారో, కూర్చోవడానికి ఏముంటుందో తెలీదు. పట్టుకున్నంతసేపు ఇక్కడే ఉండొచ్చు, వేళ దాటిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. పైన అది మాత్రం మొహం ఇటే తిప్పుకుని ఉంటుంది. ఒకసారి చూసి పోదామని దిగుతుంది. ఇంక ఎక్కదు.

అత్తగారు లోపలికి వెళ్ళి కొడుకు ఉన్నిటోపీ తెచ్చి కోడలి తలకి పెట్టింది. తన శాలువా కప్పి మెడ దగ్గర పిన్ను గుచ్చింది. సూదికి దారం ఎక్కించి చేతికిచ్చింది, ఎలాగూ వెళ్తున్నావు, ఆ భుజం ఒకసారి చూడు అంటూ. కుట్టక్క ఒక చేత్తో సూది పట్టుకుంది. రెండో చేతిని చక్రం మీంచి తీసింది.

అత్తగారు పెరటి గుమ్మం దాకా వెంట వచ్చింది. ఎప్పుడూ ఎవరి మీదో ఒకరి మీద విసుక్కునే మనిషి, ఆ ఒక్కసారి మాట జాగ్రత్తగా, ఆఖరి అక్షరం మీద బరువు పెట్టి అంది.

"వెళ్ళి... రా."

గుట్ట మీద గదిలో చెవులాయనకి వేళకి కీచు వినబడింది. ఆ కీచు వెనక ఇంకొక చప్పుడు కూడా వినబడింది. చెవులకి పెట్టుకున్నవి తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరో పంటితో దారం తెంపుతున్న చప్పుడు. ఆ చప్పుడు అతనికి పెళ్ళయిన నాటినుంచీ తెలుసు. అలా ఎందుకు వినబడుతోందో మాత్రం తెలీలేదు. వెనకనుంచి పెద్దాయన, ఏమిటయ్యా, ఏదైనా అడ్డు వస్తోందా అని అడిగాడు.

"లేదు సార్. మా ఆవిడ."

పెద్దాయన తల పంకించాడు. ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి ఎడమ వైపు రేకు లేచిందేమో చూడమని చెప్పమన్నాడు. చెప్పడం ఎలాగో చెవులాయనకి తెలీలేదు. అతని పని వినడం ఒక్కటే. ఆ సాయంత్రం డ్యూటీ దిగి గుట్ట మీంచి కిందికి నడిచినంత వేగంగా అతను ఎప్పుడూ నడవలేదు. ఇంటికొచ్చేసరికి భార్య శాలువా మడతపెడుతోంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఏం అడగాలో అతనికీ, ఏం చెప్పాలో ఆవిడకీ తోచక, అన్నం తినేశారు.

అదే ఆవిడ బతుకైపోయింది. సాయంత్రం కాగానే మిషను మూత వేసి వెళ్తుంది, వస్తుంది. ఎండ తగిలే వైపు బుగ్గ నల్లబడింది, రెండోది ఎప్పటిలాగే ఉంది. అద్దం ముందు కొలతలిచ్చే వాళ్ళు ఏ బుగ్గకేసి చూస్తూ మాట్లాడాలో తెలీక అవస్థ పడతారు. పైనుంచి ఊరు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, సరిగ్గా చూడలేదండీ, కుట్టు మీద ఉన్నాను అంటుంది. ఉపగ్రహం మొహం తిన్నగా పెట్టుకుని తిరుగుతూనే ఉంది. సిలిండరాయన అది ఊరుకునే రోజు గురించి మాట్లాడడం మానేశాడు.

ఈమధ్య ఆ వీధికి ఒక రిటైరైన పోస్టుమాస్టరు అద్దెకి వచ్చాడు. కోటు కుట్టడానికి ఇచ్చి, తొడిగి చూసుకుందామని ఒక సాయంత్రం వచ్చాడు. మిషను మూతవేసి ఉంది. లోపల అత్తగారు పొయ్యి దగ్గర ఉంది. అమ్మాయి లేదా అమ్మా అని అడిగాడు.

"పైకెళ్ళింది," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండా.

పోస్టుమాస్టరు టోపీ తీశాడు. గొంతు సవరించుకుని ఎప్పుడు అన్నాడు.

"ఇప్పుడే."

"అయ్యో. మొన్న కొలతలు తీసుకున్నప్పుడు బాగానే ఉంది కదమ్మా."

"ఇప్పుడూ బాగానే ఉంది. కూర్చోండి, వచ్చేస్తుంది."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. తీసి ఉంచాలో పెట్టుకోవాలో తేలలేదు. లేచి వెళ్ళిపోతే బాగుండదు, కూర్చుంటే దేనికోసం కూర్చున్నట్టో అంతుపట్టలేదు. అత్తగారు వంటింట్లోంచి కాఫీ తాగుతారా అని అడిగింది. ఇలాంటప్పుడు కాఫీ తాగొచ్చా లేదా అని ఆయన ఆలోచిస్తుండగా, పెరటి వైపునుంచి ఇస్త్రీ చేసిన బట్టల వాసన వచ్చింది.

కుట్టక్క ఉన్నిటోపీ తీస్తూ లోపలికి వచ్చింది. కనుబొమల మీద మంచు ఉంది. అరచేతుల్లోకి ఊదుకుని, పెదాల మధ్య ఉన్న దారప్పోగు తీసి పడేసి, మేకు మీంచి టేపు అందుకుంది.

"చంక దగ్గర బిగుతుగా ఉండకూడదన్నారు కదండీ. చేతులెత్తండి."

పోస్టుమాస్టరు రెండు చేతులూ పైకెత్తాడు.